పెద్ద గుడికి పోదామా? ఆర్మూరు పాఠకుల సందేహాలు – సమాధానాలు

పాత చర్చిల యాత్రల మీద ఉత్తరాలు పంపమంటే ఆర్మూరు, పెర్కిట్, అంకాపూర్ వైపు నుంచే ఎక్కువ వచ్చాయి. పసుపు అమ్ముడయ్యాక చేతిలో నాలుగు డబ్బులు, నాలుగు రోజుల తీరిక ఉండే కాలం కాబట్టి కావచ్చు. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు అడిగిన చోట ఒక ఉత్తరమే వేశాను.

*

ఎండాకాలం సెలవులల్ల పిల్లలను మెదక్ చర్చికి తీసుకపోదామనుకుంటున్నం. అది కెథడ్రల్ కాబట్టి క్యాథలిక్‌లదే అని మా ఆయన, కాదని మా మరిది. ఎవరిది నిజం?
— ఒక గృహిణి, పెర్కిట్

మీ మరిదే గెలిచాడు. మెదక్‌ది కెథడ్రలే గానీ క్యాథలిక్‌లది కాదు, సీఎస్ఐ వాళ్ళది. కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1914లో పని మొదలైంది. కరువులో అల్లాడుతున్న జనానికి ఆ పనే కూలి, ఆ కూలే తిండి అయింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. మెథడిస్టులు, ఆంగ్లికన్‌లు, మరికొందరు కలిసి సీఎస్ఐగా ఏర్పడింది 1947లో. మెదక్ గుడి బిషప్పు స్థానమైంది ఆ తర్వాతే.

గుడి ఎంత పెద్దదైనా, గోపురం ఎంత ఎత్తున్నా, దాన్నిబట్టి కెథడ్రల్ అనరు. బిషప్పు కుర్చీ ఏ గుడిలో ఉంటే అదే కెథడ్రల్. సీఎస్ఐలోనూ బిషప్పులున్నారు కాబట్టి వాళ్ళకూ కెథడ్రల్‌లు ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా క్యాథలిక్‌లకు బిషప్పు హైదరాబాద్ అగ్రపీఠాధిపతి. ఆయన గుడి అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథడ్రల్. మీ ఆయన అడిగిన క్యాథలిక్ కెథడ్రల్ అదన్నమాట.

అలాగని మెదక్ మానుకోవద్దు. 44వ నంబరు హైవే మీద డిచ్‌పల్లి, కామారెడ్డి దాటి రామాయంపేట దగ్గర పక్కకు మళ్ళితే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: పొద్దు గుంకకముందే చేరండి. అక్కడ చూడాల్సింది రంగు అద్దాల కిటికీలు. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం అని మూడున్నాయి. బయటి నుంచి ఎండ పడితేనే ఆ బొమ్మలు వెలుగుతాయి. చీకటి పడ్డాక వెళ్ళిన వాళ్ళకు నల్లటి గాజు పలకలు తప్ప ఏమీ కనబడక, ఇంత దూరం దీనికోసమా అని తిట్టుకుంటూ తిరిగొస్తారు.

*

మార్కెట్ పని మీద హైదరాబాద్ పోతుంట. అబిడ్స్‌ల రెండు గంటలు ఖాళీ దొరుకుతది. ఆ సెయింట్ జోసెఫ్ గుడిల ఏం చూడాలె? నేను హిందువును, లోపలికి రానిస్తరా?
— పసుపు కమీషన్ వ్యాపారి, ఆర్మూరు

రానిస్తారు. గేటు దగ్గర మతం అడిగే వాళ్ళెవరూ ఉండరు. లోపల పూజ జరుగుతోందా లేదా అన్నదొక్కటే చూసుకోవాలి. జరుగుతుంటే వెనక బల్ల మీద కూర్చోండి, తిరుగుడు వద్దు. లేకపోతే మీ ఇష్టం.

ముందు బయట నిలబడి ఆ ఊరి సంగతి గుర్తు చేసుకోండి. గన్‌ఫౌండ్రీ అంటే ఫిరంగులు పోతపోసిన చోటు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టించిన కార్ఖానా అది, జనం తోప్ కా సాంచా అనేవారు. ఆ పక్కనే తర్వాతి శతాబ్దంలో గుడి లేచింది. మిలాన్ నగరం నుంచి వచ్చిన ఇటలీ గురువులు 1855 నుంచీ హైదరాబాద్ మిషన్‌ను చూస్తున్నారు. 1870లో పునాదిరాయి పడింది. ఆరో నిజాం అప్పటికి పసివాడు, రాజ్యం నడుపుతున్నది మొదటి సాలార్ జంగ్. 1875 క్రిస్మస్ నాటికి గుడిలో పూజలు మొదలయ్యాయి. ఇప్పుడు మీకు ఎదురుగా కనబడే ముఖభాగం, జంట గోపురాలు మాత్రం అప్పటివి కావు. 1891లో విగానో అనే గురువు మొదలుపెట్టించినవి. ఆయనే తర్వాత హైదరాబాద్ బిషప్పు అయ్యాడు. గోపురంలోని అయిదు గంటలూ ఇటలీ నుంచి తెప్పించినవే. గుడి ముందు కట్టి, ముఖం తర్వాత పెట్టడం ఆ రోజుల్లో వింతేం కాదు. డబ్బులు చేతికందిన కొద్దీ కట్టుకుంటూ పోయేవారు.

ఇక లోపల. ద్వారం పక్కన గోడకు చిన్న నీళ్ళ తొట్టి ఉంటుంది. అందులో పుణ్యజలం. క్యాథలిక్‌లు వేలు ముంచి నుదుట, ఎదన, భుజాల మీద సిలువ గుర్తు వేసుకుంటారు. మీరు వేసుకోనక్కర్లేదు. అందులో చేతులు మాత్రం కడుక్కోవద్దు. వద్దని చెబుతున్నానంటే కడిగిన వాళ్ళను చూసే.

నడవ మధ్యలోంచి పీఠం వైపు చూడండి. రాతి బల్లలా ఉండేది బలిపీఠం, పూజంతా దాని మీదే. దానికి దగ్గర్లోనే తలుపున్న చిన్న పెట్టెలాంటిది కనబడుతుంది, దాన్ని మందసం అంటారు. దాని పక్కన చిన్న దీపం వెలుగుతుంటే లోపల దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పం, ఉందని గుర్తు. క్యాథలిక్‌లు దాని ముందుగా వెళ్ళేటప్పుడు ఒక మోకాలు నేలకు తాకిస్తారు. తెలియని యాత్రికుడు ఆ దీపానికీ, మోకాళ్ళ మీద ఉన్న ముసలమ్మకూ మధ్య నిలబడి సెల్ఫీ దిగుతుంటాడు. గుడి వాళ్ళు పెద్దగా ఏమీ అనరు, మర్యాదస్తులు. కానీ మీరు ఆ పని చేయకండి.

పీఠం మీద ఒక వారగా, మిగతా కుర్చీల కంటే ఎత్తుగా ఒక కుర్చీ ఉంటుంది. పై ఉత్తరంలో చెప్పిన బిషప్పు కుర్చీ అదే. ఈ గుడిలో చాలామంది గమనించకుండా వెళ్ళిపోయేదీ అదే. ఇప్పుడు అది కార్డినల్ పూల ఆంథోనిది. కర్నూలు జిల్లాలో పుట్టి, అక్కడే బిషప్పుగా పనిచేసి, 2020లో హైదరాబాద్‌కు నియమితులయ్యారు. 2022 ఆగస్టు 27న పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ను కార్డినల్‌ను చేశారు. తెలుగువాళ్ళలో ఆయనే మొదటి కార్డినల్, దళితుల్లోనూ ఆయనే మొదటివారు. 2025 మే నెలలో రోమ్‌లో తలుపులు మూసుకుని పోప్ లియో 14ను ఎన్నుకున్న కార్డినల్‌లలో ఆయన కూడా ఉన్నారు. మెట్ల కింద నుంచే చూడండి, పీఠం మెట్లు ఎక్కొద్దు.

పక్క గోడల వెంట వరసగా 14 బొమ్మలుంటాయి. క్రీస్తుకు మరణశిక్ష వేసిన దగ్గర్నుంచి సమాధి చేసిన దాకా జరిగిన కథ అది, సిలువ మార్గం అంటారు. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు జనం ఒక్కో బొమ్మ దగ్గర ఆగి ప్రార్థన చేస్తూ చుట్టూ తిరుగుతారు. బొమ్మలు చూస్తూ నడిస్తే కథ మీకే తెలిసిపోతుంది, గైడు అవసరం లేదు.

ఇంకా టైముంటే సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికాకు వెళ్ళండి. జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగే వాళ్ళకు అది దారిలోనే. ఐరిష్ గురువు డేనియల్ మర్ఫీ కట్టించారు, 1850లో పూర్తయింది. సెయింట్ జోసెఫ్ కంటే పాతది. 2008లో రోమ్ దానికి బసిలికా హోదా ఇచ్చింది. బసిలికా అన్నది గౌరవం, కెథడ్రల్ అన్నది పదవి. రెండూ ఒకటి కావు.

*

హైదరాబాద్‌ల మా బిడ్డ ఇంటి పక్కోళ్ళతోని చర్చి పూజకు పోయిన. ఆఖరుకు అందరు లైన్ల పోయి ప్రసాదం తీసుకున్నరు. నేను లేవబోతుంటే మా పక్కామె చెయ్యి పట్టి కూసోబెట్టింది. మా గుళ్ళల్ల ఎవరొచ్చినా ప్రసాదం పెడుతం గదా. మనసుకు కష్టమైంది.
— ఆర్మూరు నుంచి ఒక అమ్మ

అమ్మా, ఆమె మిమ్మల్ని చిన్నచూపు చూడలేదు. పరువు కాపాడింది అనుకోండి. మన గుళ్ళలో పులిహోర, లడ్డు వచ్చిన వాళ్ళందరికీ పెడతారు. వద్దంటేనే తప్పు. చర్చిలో ఇచ్చే ఆ పలచటి తెల్ల అప్పం సంగతి వేరు. పూజలో గురువు క్రీస్తు మాటలు పలికిన తర్వాత అది క్రీస్తు శరీరమే అని క్యాథలిక్‌ల విశ్వాసం. జ్ఞానస్నానం పొంది, చదువుకుని, మొదటి సత్ప్రసాదం పండుగ జరిగిన వాళ్ళే తీసుకుంటారు. వాళ్ళ ఇళ్ళల్లోని చిన్నపిల్లలకు కూడా ఇవ్వరు. సీఎస్ఐ, బాప్టిస్టు వాళ్ళకు కూడా మామూలుగా ఇవ్వరు. మనసులో పెద్ద పాపం ఉందనుకున్న క్యాథలిక్ కూడా పాపసంకీర్తనం (గురువు దగ్గర తప్పులు ఒప్పుకోవడం) చేయకుండా లేవడు. ఈసారి చూడండి, బల్లల్లో కూర్చుండిపోయిన వాళ్ళు మీరొక్కరే కాదు.

వరస కదిలేటప్పుడు మీ బల్లలోని వాళ్ళు బయటికి పోవడానికి కాస్త లేచి దారి ఇవ్వండి, తర్వాత కూర్చోండి. అంతే.

ఒకవేళ తెలియక చేతిలోకి తీసుకుంటే? ఇది అందరూ చదవాల్సిన మాట. మనకు ప్రసాదం కొంగున కట్టుకుని ఇంట్లో వాళ్ళకు తెచ్చే అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. బ్యాగులో వేసుకోవద్దు, పిల్లలకు తుంచి పెట్టొద్దు. వెంటనే, అక్కడే, ఇచ్చిన ఫాదర్‌కే తిరిగి ఇచ్చేయండి. ఆయన కోప్పడరు. అది గుడి బయటికి పోతే మాత్రం వాళ్ళకు మనసు విరిగిపోతుంది.

దానికి ముందు అందరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకునే ఘట్టం ఒకటి వచ్చి ఉంటుంది. సమాధానం చెప్పుకోవడం అంటారు. అందులో మీకు పూర్తి పాలు ఉంది. మీ పక్కామెకు ఈసారి రెండు చేతులూ జోడించి పెట్టండి.

*

మా పంట మంచిగ పండితె మరియమ్మకు మొదటి పసుపు కొమ్ములు ఇస్తనని మొక్కుకున్న. గన్‌ఫౌండ్రీల ఇయ్యొచ్చా? విగ్రహానికి పూయనిస్తరా?
— పసుపు రైతు, అంకాపూర్

పూయనివ్వరు. పసుపు, కుంకుమ, నూనె ఏవీ విగ్రహాల మీద వేయకూడదు. మరియమాత విగ్రహం ముందు కొవ్వొత్తి వెలిగించొచ్చు, పూలదండ ఇవ్వొచ్చు. పువ్వులు కూడా అక్కడున్న వాళ్ళకు ఇస్తే వాళ్ళే పెడతారు.

కొమ్ములు ఇవ్వాలనే ఉంటే ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టినవి శుభ్రమైన సంచిలో తీసుకుపోయి గుడి ఆఫీసులో ఇవ్వండి. పంట మొదటి ఫలం గుడికివ్వడం క్యాథలిక్‌లకు కొత్త కాదు. పూజలో కానుకల సమర్పణప్పుడు రొట్టె, ద్రాక్షరసంతో పాటు పండ్లు, ధాన్యం పీఠం దగ్గరికి తేవడం చాలా తెలుగు విచారణల్లో, అంటే ఒక ఫాదర్ చూసుకునే గుడి పరిధుల్లో, ఉన్నదే. అలా తేవాలనుకుంటే పూజకు ముందే ఫాదర్‌ను అడగండి, ఆయన సరేనంటే మీ కొమ్ములు వరసలో పోతాయి. అడగకుండా సంచి పట్టుకుని మధ్యలో లేవొద్దు. ఈ మొక్కుకు హైదరాబాదే పోవాలన్న నియమం ఏదీ లేదు. దగ్గర్లోని క్యాథలిక్ గుడిలో ఇచ్చినా చెల్లుతుంది.

*

బొట్టు తీసేసి పోవాల్నా? చెప్పులు బయట విడవాల్నా? ఫొటోలు?
— డిగ్రీ విద్యార్థినులు, ఆర్మూరు

బొట్టు మీ ఇష్టం, ఎవరూ పట్టించుకోరు. చెప్పులకు ఒక్క నియమం లేదు. పల్లె గుళ్ళలో విడుస్తారు, బల్లలున్న పట్నం గుళ్ళలో చాలావరకు తొడుక్కునే కూర్చుంటారు. ద్వారం దగ్గర చెప్పుల కుప్ప కనబడితే మీరూ విడవండి. చెప్పులు విడవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి పట్టడం లాంటి 12 పద్ధతులను భారతదేశంలో పూజకు వాడుకోవచ్చని రోమ్ 1969లోనే అనుమతి ఇచ్చింది. కాబట్టి తెలుగు పూజలో హారతి పళ్ళెం కనబడితే మనల్ని చూసి కొత్తగా మొదలుపెట్టారనుకోకండి.

భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. పూజ జరిగేటప్పుడు ఫొటోలు వద్దు. పాపసంకీర్తనం గదుల వైపు ఫోన్ ఎప్పుడూ తిప్పొద్దు. పెళ్ళి జరుగుతుంటే అది వాళ్ళింటి పండుగ, మీరు బయట ఆగండి.

*

దోస్తులం గోవా పోతున్నం. అక్కడి పెద్ద చర్చి, శవం ఉన్న చర్చి ఒకటేనా?
— యువకులు, వేల్పూర్

కాదు, రోడ్డుకు అటొకటి ఇటొకటి. సే కెథడ్రల్ 1562లో మొదలై 1619లో పూర్తయింది. ముందు రెండు గోపురాలుండేవి, ఒకటి 1776లో కూలిపోయింది, మళ్ళీ కట్టలేదు. ఫ్రాన్సిస్ జేవియర్ దేహం ఉన్నది ఎదుటి బామ్ జీసస్ బసిలికాలో. శవం అనకండి, అక్కడి వాళ్ళకు బాధ. బీచ్ నిక్కర్లతో నేరుగా అక్కడికి పోవద్దు, డిక్కీలో ఒక ప్యాంటు పెట్టుకోండి.

*

నేను బహ్రెయిన్‌ల పనిచేస్తున్న. ఇక్కడ కొత్త పెద్ద చర్చి కట్టిన్రని విన్న. క్రైస్తవుణ్ణి కాను. ఈ దేశంల చర్చికి పోతే ఏమన్న ఇబ్బందా?
— ఆర్మూరు మండలం, ప్రస్తుతం మనామా

మీరు విన్నది అవాలీలోని అవర్ లేడీ ఆఫ్ అరేబియా కెథడ్రల్. స్థలం బహ్రెయిన్ రాజు హమద్ ఇచ్చారు. 2021 డిసెంబర్‌లో ప్రారంభమైంది. గుడారం ఆకారంలో కట్టారు, ఎడారిలో డేరా వేసుకుని దేవుణ్ణి కొలిచిన బైబిలు కాలపు జ్ఞాపకంగా. 2022 నవంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ అక్కడికి వచ్చారు. మీ మనామాలోనే ఉన్న సేక్రెడ్ హార్ట్ చర్చి ఇంకా పాతది, 1939 నాటిది. చరిత్ర కావాలంటే ముందు దాన్ని చూడండి, నడిచిపోయే దూరంలోనే ఉండొచ్చు మీకు.

సందర్శనకు ఇబ్బంది లేదు. బహ్రెయిన్‌లో గుడి ప్రాంగణం లోపల ప్రార్థనకు అడ్డు లేదు, ప్రాంగణం బయట మాత్రం మతం మాట ఎత్తకుండా ఉండడం క్షేమం. శుక్రవారం సెలవు కాబట్టి జనం ఆ రోజే ఎక్కువ. గుడి ఖాళీగా చూడాలంటే మామూలు రోజు షిఫ్టు అయ్యాక పొండి. తోటి కూలీల మొహాలు పడేలా వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. గుడికి వచ్చిన సంగతి తమ కంపెనీలో తెలియడం కొందరికి ఇష్టం ఉండదు.

*

మేము క్యాథలిక్‌లమే. మా పిల్లలు కెథడ్రల్ చూడలేదు. క్రిస్మస్‌కు తీసుకపోదామంటే రద్దీ. ఏ రోజు పోతే మంచిది?
— విచారణ పెద్ద, నిజామాబాద్

క్రిస్మస్ రాత్రి పోతే మీకు కనబడేది ముందు వరస వాళ్ళ వీపులే. సికింద్రాబాద్ బసిలికాలో సెప్టెంబర్ 8, మరియమాత పుట్టినరోజు, అదీ అంతే. తపస్సు కాలం చివర పోతే విగ్రహాలకు ఊదారంగు గుడ్డలు కప్పి ఉండవచ్చు. ఎందుకు కప్పారని పిల్లలు తప్పక అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి. మంచి శుక్రవారం పూజే ఉండదు, గంటలు మోగవు.

నన్నడిగితే ఆ పవిత్ర వారం దగ్గర్లో జరిగే తైలాల ఆశీర్వాద పూజకు తీసుకుపోండి. అసలు రోజు పెద్ద గురువారం ఉదయం, కానీ దూరపు విచారణల గురువులు వచ్చి వెళ్ళే వీలు కోసం చాలా బిషప్పు పీఠాల్లో ఒకటి రెండు రోజుల ముందే చేస్తారు. మీ ఫాదర్‌కు తేదీ తెలుస్తుంది, ఆయనా వెళ్ళాల్సిందే కదా. పీఠంలోని గురువులందరూ తెల్ల వస్త్రాల్లో బిషప్పు చుట్టూ నిలబడి తమ గురుపట్టపు మాటను మళ్ళీ ఇస్తారు. పెద్ద పాత్రల్లో మూడు తైలాలు తెస్తారు: రోగులకు రాసేది, జ్ఞానస్నానానికి సిద్ధమయ్యే వాళ్ళకు రాసేది, మూడోది క్రిస్మా. ఓలివ నూనెలో సుగంధ ద్రవ్యం కలుపుతారు, ఆ పాత్ర మీదికి వంగి బిషప్పు నోటితో శ్వాస ఊదుతారు. ముందు బల్లల్లో పిల్లలుంటే అది కళ్ళారా చూస్తారు.

పూజ అయ్యాక గురువులు చిన్న సీసాల్లో ఆ తైలాలను తమ తమ విచారణలకు తీసుకుపోతారు. మీ గుడిలో ఏడాది పొడుగునా జ్ఞానస్నానాలకూ, భద్రమైన అభ్యంగనానికీ, జబ్బు పడ్డ వాళ్ళకూ రాసేది అదే. కెథడ్రల్‌కూ నిజామాబాద్‌కూ సంబంధమేమిటని పిల్లలు అడిగితే ఆ సీసా చూపించండి. ఫాదర్ కారులో చోటుంటే ఇద్దరు పిల్లలను ఆయనతోనే పంపొచ్చు. మిగతా వాళ్ళకు తెల్లవారుజామున బయలుదేరే బస్సో, కాచిగూడ రైలో పట్టండి. అబిడ్స్‌కు జూబ్లీ బస్ స్టేషన్ కంటే కాచిగూడే దగ్గర.